లోపలి గడియ

పోయిన చలికాలంలో, వినుకొండలో తన అక్కగారింట్లో, ఆవిడ జ్వరంతో పోయింది. తర్వాత కొన్నాళ్ళకి యూనివర్సిటీలో సంతాపసభ పెడితే వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. మాట్లాడినవాళ్ళంతా ఆవిడ చీకటిని జయించిందన్నారు. ఒకాయన దీపం అన్నాడు, ఇంకొకాయన కొవ్వొత్తి అన్నాడు, మూడో ఆయన ఏకంగా సూర్యుణ్ణే దింపాడు. ఎవరూ అబద్ధం ఆడాలనుకోలేదు. అయినా ఆవిడ గొంతుగానీ, పెంకితనంగానీ, నవ్వుగానీ ఒక్కసారైనా ఆ హాల్లోకి రాలేదు. అంతసేపు వెలుతురు గురించి వింటే ఆవిడ ఏమనేదో నాకు తెలుసు. "ఇంత వెలుతురుకి కరెంటు బిల్లు ఎవరు కడతారండీ?" అనేది.

అందుకని ఇది రాసి పెట్టాలనిపించింది. నేను రాయకపోతే ఆ కొవ్వొత్తే మిగిలిపోతుంది. నేను రచయితను కాను. బళ్ళో చదివింది పదో తరగతి దాకానే. మిగతాదంతా శాఖా గ్రంథాలయం పెట్టిన భిక్ష. శుక్రవారం సెలవు తప్పిస్తే ఆ బల్లల దగ్గర నేను కూర్చోని రోజు లేదు. ఆ చదువు మీద నాకు కొంచెం గర్వం ఉంది, దాచుకోను.

పేరు మాత్రం రాయను. ఆవిడే వద్దంది. ఒకసారి పాఠాల సీడీ అట్ట మీద ఆవిడ పేరు వేస్తామంటే, "పేరు వేస్తే దాని ముందు అంధురాలు అని కూడా తగిలిస్తారు. అది తీసెయ్యమంటే మీకు చేతులు రావు. అందుకని రెండూ తీసేయండి" అంది.

నాకు గుంటూరు బ్రాడీపేటలో ఒక డీటీపీ సెంటరు ఉండేది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, పైన తిరిగీ తిరగని ఫ్యాను. పెళ్ళి శుభలేఖలు, మిరప విత్తనాల కరపత్రాలు, కోచింగ్ సెంటర్ల ప్రశ్నపత్రాలు టైపు చేసేవాళ్ళం. వాటి మధ్యలో యూనివర్సిటీ దూరవిద్య పాఠాలు కూడా వచ్చేవి. ఎమ్మే తెలుగు పాఠాలు ఇంకెవరికీ ఇచ్చేవాణ్ణి కాదు, నేనే చేసేవాణ్ణి. కూలి తీసుకుంటూ ఎమ్మే చదువుకున్నట్టు ఉండేది.

మిరపకాయలు మంచి ఊపు మీదున్న రోజులు. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే మా వీధి వీధంతా తుమ్మేది. అలా తుమ్ముకుంటూనే ఆవిడ షాపులోకి వచ్చింది, ఆటో కోటేశ్వరరావు మోచెయ్యి పట్టుకుని. చిన్నప్పుడు ప్రత్తిపాడులో అమ్మవారు పోసి చూపు పోయిందని, యూనివర్సిటీలో టెలిఫోన్ ఆపరేటరని కోటేశ్వరరావే గబగబా చెప్పేశాడు.

"నా గురించి చెప్పడం అయిపోయిందా బాబూ? ఇంక నేను వచ్చిన పని చెప్పనా?" అని ఆవిడ నా వైపు తిరిగింది. "నేను ఎమ్మేకి కట్టానండీ. పుస్తకాలిచ్చారు. బరువుగా బాగున్నాయి. చదివి పెట్టే మనిషి కావాలి."

"యూనివర్సిటీలో అంతమంది పెద్ద పెద్ద మాస్టర్లు ఉన్నారు కదా మేడమ్?"

"వాళ్ళు చదవరండీ, చెబుతారు. పేజీ చదవమంటే సారాంశం చెప్పి చేతులు దులుపుకుంటారు. మీరు టైపు చేసేవాళ్ళు. అక్షరం వదిలితే మీకు కూలి రాదు కదా. ఏదీ, ముందున్నదేదో ఒక పేజీ చదవండి."

ముందున్నవి జానపద విజ్ఞానం పాఠం ప్రూఫులు. సామెతల పట్టిక. ప్రూఫు చదివే అలవాటు కొద్దీ, అర్థం సంగతి వదిలేసి, వరసగా చదువుకుంటూ పోయాను. గుంపులో గోవిందా. గుడ్డికంటే మెల్ల మేలు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు.

శుభలేఖ కోసం వచ్చిన పెద్దమనిషి గట్టిగా గొంతు సవరించుకున్నాడు. కోటేశ్వరరావు "అన్నా!" అన్నాడు. అప్పుడు గాని నేను ఏం చదివానో నాకు తెలియలేదు.

ఆవిడ మాత్రం కుర్చీ చెయ్యి పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "ఇవి మా అక్క పుస్తకంలో ఉండవండీ! ఆవిడ చదివితే గుంపులో గోవిందా తర్వాత సరాసరి గురివింద గింజ వస్తుంది. మధ్యలో చేనూ లేదు, ఎద్దూ లేదు. మా అమ్మమ్మ రోజూ నన్ను ఈ ఎద్దుతోనే తిట్టేది. అది పుస్తకాలకెక్కిందని ఇవాళ తెలిసింది." నవ్వు ఆగాక అంది, "అన్నయ్యగారూ, మీరు దాటలేదు."

దాటడం అన్నది ఆవిడ మాట. చదివేవాళ్ళు జాలితోనో, సిగ్గుతోనో, బద్ధకంతోనో కొన్ని వాక్యాలు దాటేస్తారు. అక్క మంచిది కాబట్టి గుడ్డి అన్న మాట దాటుతుంది. ఒక లెక్చరరుగారు శృంగారం దాటుతారు. ఇంటి ఓనరుగారి అబ్బాయి చదివితే వర్ణనలన్నీ దాటేస్తాడు. "పాతికమంది తలా కాస్త కొరికి ఇచ్చిన జామకాయ నా చదువు" అనేది.

అలా ఆదివారాలు మొదలయ్యాయి. ఆవిడ ఉండే పోర్షను మా షాపుకి రెండు వీధుల అవతల. ఒకే గది, వెనక చిన్న వంటిల్లు. ఒంటరి ఆడమనిషి గది కాబట్టి తలుపు బార్లా తెరిచి ఉంచేవాళ్ళం. గుమ్మంలో ఇంటావిడ రత్నమ్మగారు చింతపండు ఒలుస్తూ కూర్చునేది. పాఠాలు అయ్యాక లైబ్రరీ నుంచి నేను తెచ్చిన నవల ఒకటి ఉండేది. రత్నమ్మగారు దానికోసమే వచ్చేది.

"ఆ అల్లుడు మంచోడు కాదు, నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా" అనేది గింజ తీస్తూ.

"మీరు చెబితే ఆ పిల్ల వినాలిగా పిన్నిగారూ, పుస్తకంలో ఉందాయె" అనేది ఆవిడ.

వినే పద్ధతి కూడా వేరుగా ఉండేది. అట్ట నుంచి అట్ట దాకా కావాలి. ప్రెస్సు పేరు, వెల, తప్పొప్పుల పట్టిక, లైబ్రరీ ముద్ర, ఎవరో మార్జిన్‌లో పెన్సిలుతో రాసిన బూతు, అన్నీ. చదువుతూ నేను ఎక్కడైనా ఆగితే వెంటనే అడిగేది: "అక్కడ కామా ఉందా, మీరే ఆగారా?" ఉందంటే తల ఊపేది. లేదంటే, "మంచినీళ్ళు తాగండి" అనేది. కొన్నాళ్ళకి లైబ్రరీలో నాలో నేను చదువుకునేటప్పుడు కూడా కామాల దగ్గర ఆగడం అలవాటైంది.

సాయంత్రం చీకటి పడుతుండగా ఆవిడ లేచి గోడ తడుముకుని లైటు వేసేది. మొదట్లో నా కోసం అనుకున్నాను. నేను రాని రోజుల్లో కూడా వేస్తుందని రత్నమ్మగారు చెప్పింది. ఎందుకమ్మా అంటే, "చీకటిగా ఉంటే ఎవరూ లేరనుకుని వెళ్ళిపోతారు కదండీ" అంది. ఎవరొస్తారు అని నేను అడగలేదు. ఆ గదికి కోటేశ్వరరావు, రత్నమ్మగారు, నేను తప్ప వచ్చేవాళ్ళెవరూ లేరు. అక్క ఏడాదికోసారి, పత్తి తీతలు అయ్యాక వచ్చేది.

ఆఫీసులోనూ అంతే. ఒకప్పుడు యూనివర్సిటీకి వచ్చే ప్రతి ఫోనూ ఆవిడ చేతి మీదుగా వెళ్ళేది. హలో అనేది కాదు, "చెప్పండి, ఎవరు కావాలి?" అనేది. అవతలివాళ్ళు నోరు తెరవకముందే, ఊపిరి పీల్చిన తీరుని బట్టి, "సార్ క్లాసులో ఉన్నారండీ, మీ అబ్బాయికి జ్వరం తగ్గిందా?" అనేది. తర్వాత బల్ల బల్లకీ సొంత నంబర్లు వచ్చాయి, జేబు జేబుకీ సెల్‌ఫోన్లు వచ్చాయి. బోర్డు మోగడం మానేసింది. "మోగని ఫోనుకి కాపలా కాస్తున్నానండీ. పొలంలో దిష్టిబొమ్మకి నాకు తేడా ఏంటంటే దానికి జీతం లేదు" అంది ఒకరోజు.

అసలు ఆవిడకి ఏం కావాలో నాకు తెలిసింది ఒక ఆదివారం. నవల చివరికొచ్చింది. తల్లి చనిపోయే ఘట్టం. చదువుతూ తలెత్తి చూస్తే ఆవిడ గోడ వైపు తిరిగి కూర్చుంది. రత్నమ్మగారు చింతపండు చెయ్యి ఆపి, "ఏడుస్తున్నావా తల్లీ?" అంది.

"లేదు పిన్నిగారూ, మిరపకాయల ఘాటు."

అది వానాకాలం, గాలిలో ఏ ఘాటూ లేదు. రత్నమ్మగారు లోపలికి వెళ్ళాక ఆవిడ నెమ్మదిగా అంది.

"మీరు చిన్నప్పుడు ఎక్కడ కూర్చుని చదువుకునేవాళ్ళు అన్నయ్యగారూ?"

"పొగాకు కాల్చే బ్యారను వెనకాల. మా నాన్న చూస్తే తంతాడని."

"అదీ! చాటుగా! నేను ఇంతవరకూ ఒక్క పుస్తకం చాటుగా చదవలేదండీ. నేను చదివిన ప్రతి పుస్తకానికీ ఒక సాక్షి ఉన్నాడు. ఎక్కడ నవ్వానో మా అక్కకి తెలుసు. ఎక్కడ ఏడ్చానో మీకు తెలుసు. సిగ్గుపడాల్సిన పేజీలో సిగ్గుపడ్డట్టు మొహం పెట్టాలి, లేకపోతే చదివేవాళ్ళు ఏమనుకుంటారో. ఒక్కటి, ఒకే ఒక్కటి, ఎవరికీ తెలియకుండా చదివి చచ్చిపోతే చాలు."

నేను పుస్తకం మూసేశాను. సాక్షిని నేనే కదా.

ఆ తర్వాతి ఏడు యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్లో చూపులేనివాళ్ళ కోసం ఒక కంప్యూటరు పెట్టారు, తెర మీద ఉన్నది పైకి చదివేది. దూరవిద్య పాఠాలన్నీ ఒక సీడీలోకి ఎక్కించారు. అవి నా షాపు నుంచి వెళ్ళిన ఫైళ్ళే. ప్రారంభోత్సవానికి నన్నూ పిలిచారు. డైరెక్టరుగారు రిబ్బను కత్తిరించి ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టారు. ఫోటోగ్రాఫరు సిద్ధంగా ఉన్నాడు. ప్రోగ్రామరు మస్తాన్‌వలి ఫైలు తెరిచి మీట నొక్కాడు. కంప్యూటరు దొరల గొంతుతో మొదలుపెట్టింది: "డాలర్, కె, స్లాష్, డాలర్, యాట్, క్యూ, డాలర్..."

ఆవిడ చెవి ఒగ్గి కాసేపు విని, "ఇది తెలుగు పాఠమా, తిరుపతి హుండీ లెక్కా సార్? అన్నీ డాలర్లే పడుతున్నాయి!" అంది.

అందరూ నవ్వారు. సంగతేమిటో అక్కడున్నవాళ్ళలో నాకూ మస్తాన్‌వలికీ తెలుసు. ఆ రోజుల్లో మా డీటీపీ ఫాంట్లన్నీ అలాంటివే. కంటికి "అ" కనపడుతుంది కానీ కంప్యూటరు కడుపులో ఉండేది ఇంగ్లీషు అక్షరమో, డాలరు గుర్తో. దాని మొహానికి తెలుగు బొమ్మ తగిలిస్తారు, అంతే. కాగితం మీద అచ్చుకొట్టడానికి అది చాలు. నా పదేళ్ళ పని అంతా కళ్ళున్నవాళ్ళకి తెలుగు, ఆ యంత్రానికి చిల్లర.

మస్తాన్‌వలి పట్టుదల మనిషి. బొమ్మ వెనక ఉన్న ఇంగ్లీషుని లాగేసి, యూనికోడ్ అనే పద్ధతిలో అసలైన తెలుగు అక్షరం పెట్టే ప్రోగ్రాము రాస్తానన్నాడు. ఏ మీట కింద ఏ బొమ్మ ఉంటుందో నేను చెప్పాలి, వచ్చినది ఆవిడ విని తప్పు పట్టాలి. తెలుగు చదివే గొంతు కూడా ఎక్కడినుంచో సంపాదించాడు. ముక్కుతో మాట్లాడే గొంతు, ఎక్కడా భావం లేదు. ఆవిడ దానికి ముక్కు పంతులు అని పేరు పెట్టింది.

పంతులు మొదట్లో ఘోరంగా చదివాడు. ప్రభుత్వాన్ని "రపభుత్వం" అన్నాడు. ప్రకృతిని "రపకృతి" అన్నాడు. మా పాత ఫాంట్లలో క్రావడి గుర్తు, అదే రవత్తు, అక్షరానికి ఎడమ పక్క ఉంటుంది కాబట్టి ముందు దాన్ని కొట్టి, తర్వాత అక్షరం కొట్టేవాళ్ళం. కంటికి తేడా తెలియదు. కొట్టిన వరసనే చదివే పంతులికి మాత్రం క్రావడి ముందొచ్చేసింది.

"మస్తాన్ గారూ, మా ఊరి పేరు కొట్టి వినిపించండి" అంది ఆవిడ.

"రపత్తిపాడు" అన్నాడు పంతులు.

"చూశారా, గుంటూరు బస్టాండులో ఈ పేరు చెబితే కండక్టరు నన్ను ఏ రాష్ట్రంలో దింపుతాడు?"

"దింపడమ్మా, అసలు ఎక్కనివ్వడు" అన్నాడు మస్తాన్‌వలి.

క్రావళ్ళు సర్దడానికే చాలా ఆదివారాలు పట్టాయి. ఛందస్సు పాఠంలో గురువుకీ లఘువుకీ నేను ఇంగ్లీషు యు, ఐ కొట్టి ఉంచాను. పంతులు పద్యం మధ్యలో "యు, ఐ, ఐ" అని అరిచేవాడు. అవన్నీ మాటల్లోకి మార్చాను. పటాలున్న చోట పటంలో ఏముందో రాశాను. ఒక పటం దగ్గర ఊరికే "పటం" అని రాసి వదిలేస్తే, "దాటారు" అంది. ఎమ్మే పాఠాలు అయ్యాక మస్తాన్‌వలి ఊరుకోలేదు. తెలిసిన డీటీపీ వాళ్ళందరి దగ్గరా అడిగి, వాళ్ళు ఇస్తామన్న నవలలూ కథలూ పద్యాలూ సంచుల కొద్దీ తెచ్చి కంప్యూటర్లో పోశాడు. వాటిలో ఏమేం ఉన్నాయో అతనికే పూర్తిగా తెలియదు.

పంతులు తప్పు లేకుండా చదివే రోజు వచ్చింది. ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. కాసేపటికి తీసేసింది.

ఆ కంప్యూటరు పెట్టింది అద్దాల గదిలో. యూనివర్సిటీకి ఎవరొచ్చినా తీసుకొచ్చి చూపించేవాళ్ళు. "ఇదుగోనండీ, ఈ సదుపాయం మా దగ్గరే ఉంది" అనేవాళ్ళు. అద్దం బయట చెప్పుల చప్పుడు వచ్చి ఆగేది. అంతలో తలుపు తీసి, "ఏం చదువుతున్నారమ్మా?" అని ఆప్యాయంగా అడిగేవాళ్ళు.

ఆవిడ డైరెక్టరుగారి గదికి వెళ్ళింది. మస్తాన్‌వలీ, నేనూ వెనక నిలబడ్డాం.

"సార్, ఆ తలుపుకి లోపల గడియ పెట్టించండి. అద్దాలకి కాగితం అంటించండి."

ఆయన మంచివాడే. అందుకే కంగారుపడ్డాడు. "గడియ ఎందుకమ్మా? లోపల మీకేమన్నా అయితే? పడిపోతే? తలుపు ఎవరు తీస్తారు? మీలాంటివాళ్ళు వాడే గదికి లోపల గడియ ఉండకూడదమ్మా, మీ మంచికే."

"ఇంకేం కావాలన్నా ఇస్తారా సార్?"

"ఏసీ పెట్టిస్తాను. కుర్చీ మార్పిస్తాను. మనిషిని తోడు పెడతాను."

"తోడు వద్దనే కదా సార్ వచ్చింది."

ఆయన తల అడ్డంగా ఊపాడు. అది ఆవిడకి కనపడదని గుర్తొచ్చి, "కుదరదమ్మా" అన్నాడు.

"లేడీస్ బాత్రూముకి లోపల గడియ ఉంది సార్. ఇన్నేళ్ళుగా రోజూ వేసుకుంటున్నా. అక్కడ పడిపోతానని మీకెవరికీ భయం వెయ్యలేదు. పుస్తకం దగ్గరే ఎందుకండీ పడిపోతాను?"

డైరెక్టరుగారు మస్తాన్‌వలిని చూశాడు, నన్ను చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "పెట్టించుకోండి తల్లీ. నేను చెప్పానని మాత్రం ఎక్కడా అనకండి" అన్నాడు.

గడియ పెట్టిన రోజున అద్దాలకి మస్తాన్‌వలి పాత ప్రశ్నపత్రాలు అంటించాడు. మమ్మల్నిద్దర్నీ ఆవిడే బయటికి పంపింది. గడియ పడింది. మేము వరండాలో టీ తాగాం. చాలాసేపటికి ఆవిడ బయటికొచ్చి, కర్ర మడత విప్పుకుని, "కోటేశ్వరరావుని పిలవండి" అంది. నాకు అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. నా మొహం కనపడకపోయినా సంగతి తెలిసినట్టుంది, "అడక్కండి" అంది.

ఆ తర్వాత నా ఆదివారాలు పోయాయి. "ఈ వారం రావద్దులెండి అన్నయ్యగారూ, అక్కడికి వెళ్తున్నా" అని ఫోను చేసేది. కొన్నాళ్ళకి ఆ ఫోను కూడా అవసరం లేకపోయింది. రత్నమ్మగారు కనపడితే, "మనిద్దర్నీ వదిలేసింది నాయనా" అనేది సగం నవ్వుతూ. నేను లైబ్రరీలో కూర్చుని చదువుకునేవాణ్ణి. నోరు మూసుకునే చదివినా లోపల గొంతు కదులుతుండేది, కామా దగ్గర ఆగుతుండేది. అడిగేవాళ్ళు లేరు.

ఒక ఆదివారం కొత్త ఫైళ్ళు ఇవ్వడానికి వెళ్ళాను. సెంటర్లో ఎవరూ లేరు. గది మూసి ఉంది. తలుపు తడదామని చెయ్యెత్తాను. లోపల్నుంచి ఆవిడ గొంతు, ఏదో చిన్న శబ్దం, వినపడింది. నవ్వో ఏడుపో ఇంకో క్షణం ఉంటే తెలిసిపోయేది. నేను చెయ్యి దించి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి వచ్చేశాను.

సంతాపసభ అయ్యాక ఒక కుర్రలెక్చరరు వచ్చి, సావనీరు వేస్తున్నాం, ఆవిడకి బాగా నచ్చిన పుస్తకమేదో చెప్పమన్నాడు.

"తెలియదండీ" అన్నాను.

"అన్నేళ్ళు మీరే చదివి పెట్టారట కదా?"

"నేను చదివి పెట్టినవి తెలుసండీ. ఆవిడ చదువుకున్నవి తెలియవు."

అతను ఆ మాట రాసుకోలేదు.

ఇది రాయడానికి సాయపడ్డవాళ్ళున్నారు. చెల్లెలి గురించి నేను రాసింది ఒక్క మాట దాటకుండా విని, గుడ్డెద్దు దగ్గర కళ్ళు తుడుచుకుని, "ఉంచెయ్యి బాబూ" అన్న వినుకొండ సుబ్బాయమ్మగారికి కృతజ్ఞతలు. నేను మరిచిపోయిన మాటలు గుర్తుచేసిన కోటేశ్వరరావుకి, చింతపండు రత్నమ్మగారికి, అప్పుడు క్రావళ్ళూ ఇప్పుడు ఈ కాగితాలూ సర్దిన మస్తాన్‌వలికి, గడువు దాటిన పుస్తకాలు చూసీ చూడనట్టు వదిలేసిన లైబ్రేరియను సాంబశివరావుగారికి కృతజ్ఞతలు. డైరెక్టరుగారికి కూడా, ఆయన కోరినట్టే పేరు లేకుండా.

చివరగా వడ్రంగి నాగుల్‌మీరాకి. ఆ రోజు అతను గడియ చేతికిచ్చి, "అమ్మా, ఇట్టాంటి గదులకి బయటనుంచి కూడా తీసేట్టు ఒక ఏర్పాటుంటది, పెట్టమంటావా?" అని అడిగాడు. వద్దంది. ఎందుకని అతను అడగలేదు. నాలుగు మరలు గట్టిగా బిగించి, వెళ్ళిపోయాడు.